తూము మీద చెయ్యి: అనంతపురం వైపు నుంచి ‘ఫ్యూరీ రోడ్’

నిలువెత్తు బండకొండ. దాని ముఖాన తొలిచిన గవాక్షంలో ఒక ముసలి దొర, నోటికి పళ్లు బిగించిన మాస్కు. కింద ఎండకు మాడిన నేల మీద జనం కిక్కిరిసి ఉంటారు. చేతుల్లో గిన్నెలు, పళ్లాలు, సొట్టలు పోయిన డబ్బాలు. దొర మీట లాగుతాడు. కొండలోంచి పొడుచుకొచ్చిన గొట్టాల నుంచి నీళ్లు జలపాతంలా దూకుతాయి. జనం ఎగబడి ఒకరి మీద ఒకరు పడతారు. గిన్నెలో పడేది గుక్కెడు, మట్టిలో కలిసేది కడివెడు. కాసేపటికే గొట్టాలు మూసుకుంటాయి. పైనుంచి హితబోధ వినిపిస్తుంది: నీళ్లకు అలవాటు పడకండి, పడ్డారంటే అవి లేనప్పుడు మీకే కష్టం అని.

2015 మేలో విడుదలైన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ మొదట్లోనే వచ్చే సన్నివేశమిది. ఆ తర్వాత సినిమా అంతా బండ్లు, మంటలు, ఇసుక తుఫాను. చూసినవాళ్లకు గుర్తుండిపోయేవి కూడా అవే. మంటలు కక్కే గిటారు వాయించే వాడిని తలుచుకోని అభిమాని ఉండడు. కానీ ఆ ఛేజ్ మొత్తానికి ఇరుసు ఈ మీటే. నేలలోంచి నీళ్లు తోడేది ఎవరు, వదిలేది ఎవరు, ఎంతసేపు వదలాలో నిర్ణయించేది ఎవరు? అనంతపురం వైపు నుంచి చూసేవాళ్లకు ఇదేమీ ఊహాలోకపు ప్రశ్నలా అనిపించదు. ఆ చూపుతో చూసినప్పుడు సినిమా బలం ఇంకాస్త తెలుస్తుంది, అది దాటేసిన విషయం కూడా తెలుస్తుంది.

కథ చెప్పాలంటే నాలుగు వాక్యాలు చాలు. ఇమ్మోర్టన్ జో అనే నియంత సిటాడెల్ అనే కోటను ఏలుతుంటాడు. వారసుల కోసం అతను బందీలుగా ఉంచిన ఐదుగురు స్త్రీలను ఫ్యూరియోసా అనే సేనాని ఒక పెద్ద ట్యాంకర్ లారీలో దాచి తప్పిస్తుంది. మ్యాక్స్ అనే ఒంటరి బాటసారి తనకిష్టం లేకుండానే వాళ్లలో కలుస్తాడు. అందరూ తూర్పుకు పారిపోతారు, వెతికినది దొరక్క వెళ్లిన దారినే వెనక్కి వస్తారు. అంతే. దీనికి పది ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఆరు అవార్డులు దక్కాయి. అన్నీ కూర్పు, శబ్దం, దుస్తులు, మేకప్, కళా రూపకల్పన లాంటి పనితనానికి వచ్చినవే. దర్శకుడు జార్జ్ మిల్లర్ చదివింది వైద్యం. ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్ దాదాపు 480 గంటల ఫుటేజీని రెండు గంటలకు కుదించారు. కెమెరామన్ జాన్ సీల్ ముఖ్యమైన వస్తువును దాదాపు ప్రతి షాట్‌లోనూ తెర మధ్యలోనే ఉంచడంతో, కట్ మీద కట్ పడుతున్నా కంటికి అలుపు రాదు. మాటలు తక్కువ. ఇంగ్లిష్ ముక్క రాకపోయినా ఎవడు ఎవడి మీద ఎందుకు పడుతున్నాడో అర్థమైపోతుంది.

ఈ వరుస సినిమాల్లో కొరత ఎలా మారుతూ వచ్చిందో కూడా గమనించాలి. మొదటిది 1979లో వచ్చింది. 1973 చమురు సంక్షోభంలో బంకుల దగ్గర జనం కొట్టుకోవడం అప్పటికింకా అందరికీ గుర్తే. 1981లో వచ్చిన రెండో సినిమాలో తగాదా నేరుగా పెట్రోల్ కోసమే. 1985 నాటి మూడో దానిలో పందుల పేడ నుంచి తీసే గ్యాస్‌తో ఊరు నడుస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత నాలుగో సినిమాకు వచ్చేసరికి పెట్రోల్‌కు గ్యాస్ టౌన్ ఉంది, తూటాలకు బుల్లెట్ ఫామ్ ఉంది. ఆ రెంటి మీదా పెత్తనం మాత్రం నీళ్లున్న వాడిదే. జో ఆ నీటికి ‘ఆక్వా కోలా’ అని బ్రాండు పేరు కూడా పెట్టాడు. బావి నీటికి బాటిల్ లేబుల్ అంటించినట్టుండే ఈ ఒక్క ఎగతాళిలో మిల్లర్ చాలా చెప్పేశాడు.

మళ్లీ ఆ మీట దగ్గరకు వద్దాం. నీళ్లు పంచడమే ఉద్దేశమైతే కుళాయిలు కింద పెట్టొచ్చు, తొట్లు కట్టొచ్చు, వరుస పెట్టించొచ్చు. జో అలాంటివేమీ చెయ్యడు. అంత ఎత్తు నుంచి, అంత ధారగా, అంత కొద్దిసేపు వదిలితే ఎక్కువ భాగం వృథా అవుతుందని అతనికి తెలియదా? తెలుసు. ఆ వృథాయే అతనికి కావాలి. నీళ్లు అందరికీ కనిపించాలి, కొందరికే అందాలి, ఎవరికీ చాలకూడదు. దక్కినవాడు దొర దయ అనుకోవాలి, దక్కనివాడు పక్కవాడిని తిట్టుకోవాలి. పైకి చూసి అడిగేవాడు ఎవడూ మిగలకూడదు.

అనంతపురం జిల్లాలో ఏ ఎండాకాలమైనా ట్యాంకర్ వచ్చే వీధిలో నిలబడితే దీనికి దగ్గరి దృశ్యమే కనపడుతుంది. పొద్దున్నే ప్లాస్టిక్ బిందెలు వరుసలో చేరతాయి. మనిషి ఇంట్లో పని చూసుకుంటుంటే ఆమె వంతు కాపలా కాసేది బిందె మీద పెట్టిన రాయో, పక్కన వదిలిన చెప్పో. ట్యాంకర్ హారన్ వినపడగానే ఆ వరుస చెదిరిపోతుంది. పిల్లలు ట్యాంకర్ పైకెక్కి మూత తీసి పైపు లోపల వేస్తారు, కింద తల్లి పైపు చివర నోట పెట్టి పీల్చి బిందెలోకి వదులుతుంది. తోపులాటలో ఒలికిపోయేవి పోగా మిగిలినవే ఇంటికి చేరతాయి. ఇక్కడ జో ఎవడూ లేడు. అయినా, మీట తమ చేతిలో లేదన్న సంగతి వరుసలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. సినిమాలోనూ సీమలోనూ ఆ బరువు మొదట పడేది ఆడవాళ్ల మీదే. చివర్లో సిటాడెల్ గొట్టాలు తెరిచేది, ఇన్నాళ్లూ పాల కోసం కట్టిపడేసిన తల్లులే కావడం అందుకే సరిగ్గా అతికింది.

తూము మీద చెయ్యి వేసే అధికారం ఒక మనిషికి ఉండటమే తప్పని కాదు. సీమ చెరువుల కింద నీరుగంటి అని ఒకడు ఉండేవాడు. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలి అన్నది చూసేది అతనే. పంట నూర్చాక ప్రతి కళ్లంలోనూ అతనికింత గింజలు కొలిచేవారు. ఆయకట్టులో ఎవరి మడి ఎండినా అతని ఇంటి ముందు పంచాయితీ జరిగేది. చేసే పని చూస్తే జో కూడా నీరుగంటే. అయితే ఈ నీరుగంటికి గింజలు కొలిచేవాడూ లేడు, వెళ్లి నిలదీసేవాడూ లేడు. ఊరికి జవాబు చెప్పాల్సిన పని ఊరి మీద పెత్తనంగా మారితే సిటాడెల్ తయారవుతుంది.

ఆ హితబోధ సంగతి ఇంకా లోతుగా చూడాలి. గొంతెండుతున్నవాడికి ‘అలవాటు పడకు’ అని చెప్పడం సినిమా అతిశయోక్తి అనిపిస్తుంది. కానీ ఈ జిల్లాల చరిత్రలో ఆ మాట ప్రభుత్వ విధానంగా నడిచింది. 1876లో మొదలైన ధాత కరువులో కర్నూలు, కడప, అప్పటికింకా బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న అనంతపురం అల్లాడిపోయాయి. 1877 జనవరిలో కరువు పర్యవేక్షణకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయ పనుల్లో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు దించాడు. ఖజానా ఖర్చు తగ్గించాలన్నది ఒక కారణం. ఎక్కువిస్తే జనం సర్కారు తిండికి మరిగిపోతారన్నది రెండోది. ఆ కూలి మీద మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాక కొన్ని నెలలకు దాన్ని పెంచారు. 1871 జనాభా లెక్కల్లో 9.14 లక్షలున్న కర్నూలు జిల్లా 1881 నాటికి 6.78 లక్షలకు పడిపోయింది. నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. మాస్కులోంచి జో పలికే మాట విని థియేటర్లో నవ్వుకునేవాళ్లు, గంజి కొలిచిన చేతులు కూడా ఆ మాటే అన్నాయని గుర్తుంచుకుంటే నవ్వు రాదు.

ఇక్కడ మన సినిమాల ప్రస్తావన తప్పదు. మిల్లర్ ఇసుక మీద లారీలు పరుగెత్తించడానికి చాలా ముందే తెలుగు తెర సీమ నేల మీద సుమోలు పరుగెత్తించింది. ఎర్రమట్టి, తెల్ల చొక్కాలు, దుమ్ము రేపుకుంటూ వరుసగా వచ్చే బండ్లు, గాల్లోకి లేచి పల్టీ కొట్టే సుమో, వెనకాల కొండారెడ్డి బురుజు. ఛేజ్ వరకు తీసుకుంటే ఫ్యూరీ రోడ్‌కూ మన ఫ్యాక్షన్ సినిమాకూ పోలికలు చాలానే ఉన్నాయి. అటు చక్రవర్తి కోసం చావడానికి ఎగబడే కుర్రాళ్లు, ఇటు అన్న కోసం తల తెగ్గొట్టుకునే అనుచరులు. తేడా నేలను చూసే తీరులో ఉంది. అదే ఎండిన నేలను చూసి తెలుగు సినిమా రక్తానికి మంచి బ్యాక్‌గ్రౌండ్ దొరికిందనుకుంది; ఈ నేల ఇలా ఎందుకుంది అని ఏ రీలులోనూ అడగలేదు. హీరో తొడ కొడితే నేల అదరాలి తప్ప, ఆ నేలకు తడి ఎప్పుడు తగిలిందన్నది కథకు అక్కరలేని విషయం. మిల్లర్ తీసింది కూడా కమర్షియల్ ఛేజ్ సినిమాయే. అయినా మొదటి మంట లేవక ముందే ఆ నేల మీద నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో చూపించేశాడు. ఆపైన కొట్టుకునే ప్రతి దెబ్బకూ అర్థం అక్కడి నుంచే వస్తుంది.

అనుచరుల విషయంలోనూ అంతే. వార్ బాయ్స్ అనే ఆ సున్నం పూసుకున్న కుర్రాళ్లంతా రోగిష్టులు, ఎక్కువ కాలం బతకరు. తిండి, నీళ్లు, చనిపోతే స్వర్గం: ఈ మూడూ జో ఇస్తాడని వాళ్ల నమ్మకం. వాళ్లలో నక్స్ అనేవాడు తన వైపు జో ఒక్కసారి చూశాడా లేదా అన్న టెన్షన్‌తోనే సగం సినిమా గడిపేస్తాడు. సీమలో కేసులకూ కక్షలకూ బలైన పేద కుటుంబాల్లోని కుర్రాళ్ల కథ ఇంత దగ్గరగా చెప్పిన తెలుగు కమర్షియల్ సినిమా అరుదు. మన దగ్గర వాళ్లు లెక్కకు వచ్చే శవాలు మాత్రమే.

అనంతపురం ఎందుకిలా ఉందంటే చాలామంది శాపం అంటారు. భూగోళం చెప్పే జవాబు సాదాగా ఉంటుంది. నైరుతి మేఘాలు పశ్చిమ కనుమలు దాటేసరికి సగం ఖాళీ అవుతాయి. ఈశాన్యానివి తూర్పు తీరంలోనే కురిసేస్తాయి. మధ్యలో పడిన ఈ జిల్లాకు ఏటా సగటున దక్కేది 550 మిల్లీమీటర్ల చిల్లర. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చెబుతుంటారు. పడిన వానైనా లోపలికి ఇంకి దాక్కోవడానికి చోటు తక్కువ. కింద ఉన్నది గట్టి రాయి. పైన వాతావరణానికి మెత్తబడిన ఒక పొర, దాని కింద అక్కడక్కడా పగుళ్లు. నీళ్లుండేది ఆ పొరలో, ఆ పగుళ్లలో మాత్రమే. ఒకప్పుడు తవ్విన బావులు, ఎద్దులతో నీళ్లు తోడే కపిలలు అందుకున్నది ఆ పై పొరనే. బోర్లు వచ్చాక వెతుకులాట పగుళ్లలోకి దిగింది.

ఆ వెతుకులాటకు ఒక తంతు ఉంది. ముందురోజే ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అది నిలువుగా లేచిన చోట రాయి పెట్టి గుర్తు వేస్తారు. రిగ్గు లారీ వస్తుంది. కంప్రెసర్ మొదలయ్యాక పక్కనున్న మనిషి మాట వినపడదు. మొదట ఎర్రమట్టి ఎగజిమ్ముతుంది, తర్వాత బూడిద రంగు రాతిపొడి. రైతు కళ్లు ఆ పొడి మీదే ఉంటాయి. పొడి ముద్దలుగా పడితే చెమ్మ తగిలినట్టు. లేకపోతే ఇంకో రెండు రాడ్లు దించమంటాడు. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, ఆ రాత్రి ఎక్కడ ఆపాలో చెప్పగలిగినవాడు ఉండడు. పడితే ఇంచు నీళ్లో, రెండించులో. ఫెయిలైతే చేనంతా తెల్లటి దుమ్ము, దాని మీద అప్పు. ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు దాకా వెళ్లిన బోర్లు ఈ జిల్లాలో వింతేమీ కాదు.

ఇంత తెలిసినవాళ్లకు సిటాడెల్ దగ్గర ఒక అనుమానం రావాలి. ఆ నీళ్లు భూమి లోతుల్లోంచి పంపులతో తోడుతున్నవేనని సినిమాలోనే ఒక మాటుంది. కొండ నెత్తి మీద పచ్చటి పైర్లు, కింద ఎడారి. ఆ భూగర్భ జలం ఎన్నాళ్లు వస్తుంది? ఎక్కడి నుంచి నిండుతుంది? ఈ ప్రశ్న సినిమాలో ఒక్క పాత్రకైనా తోచదు. దీన్ని కాసేపు పక్కన పెట్టి, పారిపోయినవాళ్లు ఎక్కడికి చేరారో చూద్దాం.

ఫ్యూరియోసా వెతికేది తాను పుట్టిన పచ్చని చోటు. అక్కడికి చేరాక తెలిసేదేమంటే, దాన్ని వాళ్లు రాత్రి దాటేసి వచ్చారు. కాకులు వాలే ఆ బురద చిత్తడే ఒకప్పటి పచ్చని చోటు. నీళ్లు విషమయ్యాయి, నేల పులిసిపోయింది. ఈ మలుపు చాలా మందికి ట్విస్టులా అనిపించొచ్చు. అనంతపురం పల్లెల్లో నీళ్లుండి కూడా పనికిరాని కథ పాతదే. గ్రానైటు రాతిలో లోతుకు పోయేకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ పెరుగుతుంది; ఆ నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లు, నడుములు వంగిపోయినవాళ్లు ఉన్న ఊళ్లు ఎన్నో. తొంభైల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా గ్రామాలకు పైపులు వేసిందాకా, ఆ ఊళ్లకు బోరు తప్ప వేరే దిక్కు లేదు.

పచ్చని చోటు లేదని తేలాక, బతికి ఉన్న ముసలి స్త్రీలతో కలిసి ఉప్పు మైదానం దాటి 160 రోజులు బండ్ల మీద పోవాలని ఫ్యూరియోసా నిర్ణయిస్తుంది. మ్యాక్స్ అడ్డుపడతాడు. అటు ఏమీ లేదు, నీళ్లూ పైరూ ఉన్నది మనం పారిపోయి వచ్చిన చోటే, వెనక్కి పోదాం అంటాడు. సినిమా మొత్తానికి కీలకమైన ఆలోచన ఇదే, చెప్పేవాడు కూడా పెద్దగా మాట్లాడని మనిషే. పనుల్లేక బెంగళూరు కన్‌స్ట్రక్షన్ సైట్లకూ కేరళకూ బస్సెక్కే కదిరి వైపు కుటుంబాలకు వలస అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కరలేదు. మ్యాక్స్ మాటను సలహాగా వాళ్ల ముందు పెట్టడం అన్యాయం. వాళ్ల దగ్గర ఫ్యూరియోసా నడిపిన వార్ రిగ్ లాంటి లారీ లేదు. కానీ ఊరు బాగుపడటమంటే ఊరి నీళ్లు ఊరి చేతికి రావడమేనన్నది ఇక్కడి ఉద్యమాలు దశాబ్దాలుగా అడుగుతున్నదే. శ్రీశైలం వెనక జలాల నుంచి హంద్రీనీవా నీళ్లు మెట్టు మెట్టుగా ఎక్కి 2012లో జీడిపల్లి రిజర్వాయరుకు చేరాయి. ఎక్కించాల్సిన కరెంటు బిల్లు తక్కువేమీ కాదు, పిల్ల కాల్వల పని ఏళ్లూ పూళ్లూ పట్టింది. అయినా ఆ రోజు పూజలు చేసి మురిసినవాళ్లది వెర్రి అనలేం.

ఆ ముసలి స్త్రీలలో ఒకామె సంచిలో విత్తనాలు మోసుకు తిరుగుతుంది. తగిన చోటు కనపడితే ఒకటి నాటుతుంది. ఇంతవరకు ఏదీ బతకలేదు. ఛేజ్‌లో ఆమె చనిపోతే ఆ సంచి ఒక గర్భిణి చేతికి వస్తుంది. మూడు నిమిషాలకు మించని ఈ ముక్కలో సినిమా మిగతా అంతటి కన్నా ఎక్కువ భవిష్యత్తు ఉంది. ఆ సంచిలో ఉన్నది చెట్లు, పూలు, పండ్లు, అన్నీ కలిసినవి. ఒక్క పంట కాదు. అనంతపురంలో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, కంది, అలసంద కలిసి ఉండే చేలను వేరుశనగ ఒక్కటే మింగేసింది. రెండు వేల దశకంలో ఏడెనిమిది లక్షల హెక్టార్ల దాకా అదే పంట. కారణాలు అర్థం చేసుకోలేనివి కావు: చేతికి డబ్బు వచ్చే పంట, పొట్టు పశువులకు మేత, నూనె మిల్లుల గిరాకీ. 2000లో కాండం కుళ్లు వైరస్ ఈ ఒక్క పంట మీద పడ్డప్పుడు రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిన్నాయి. పదును కోసం ఆకాశం వైపు చూసే జిల్లా, జూన్ వస్తే సబ్సిడీ విత్తన కాయల కోసం క్యూలో నిలబడటం కూడా అలవాటు చేసుకుంది. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6 లాంటి రకాలు కొంత ఆదుకున్నాయి. ఈ మధ్య వానలకు ముందే రకరకాల గింజలు కలిపి పొడి దుక్కిలో చల్లే పద్ధతి ప్రకృతి సేద్యం పేరుతో మళ్లీ మొదలైంది. ఆ ముసలామె సంచిని చూసిన సీమ రైతు ఎవరైనా ముందు అడిగేది, ఇందులో ఎన్ని రకాలున్నాయి అనే.

సినిమా షూటింగులో జరిగిన ఒక విచిత్రం కూడా చెప్పుకోవాలి. దీన్ని ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ దగ్గర తియ్యాలనుకున్నారు. అసాధారణమైన వానలు పడి ఆ ఎర్ర ఎడారి పచ్చగా మారి పూలు పూసింది. చేసేది లేక మొత్తం సరంజామా నమీబియాకు తరలించి 2012లో తీశారు. అంటే అసలు ఎడారే సినిమా చెప్పిన మాట వినలేదు. కొరత అంటే ఎప్పుడూ ఎండ మాత్రమే అనుకోవడం ఊహాలోకాల బలహీనత. సీమకు రెండూ తెలుసు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది; అనంతపురానికి తుంగభద్ర ఎగువ కాల్వ (హెచ్చెల్సీ) కింద రావాల్సిన నీళ్లు కళ్ల ముందే నదిలో కలిసిపోయాయి. మీట ఎవరి చేతిలో ఉందన్నది ఎంత పెద్ద ప్రశ్నో, దాని గొలుసుకు గ్రీజు ఎవరు పెడుతున్నారన్నదీ అంతే. జో లాంటి విలన్లున్న కథల్లో రెండోదానికి చోటుండదు.

ఇప్పుడు ఆ పక్కన పెట్టిన ప్రశ్న. జో చచ్చాడు, శవం చూసి జనం కేకలు పెట్టారు, తల్లులు గొట్టాలు తెరిచారు, నీళ్లు ధారగా పడుతున్నాయి, మ్యాక్స్ గుంపులో కలిసిపోయాడు. కళ్లు చెమ్మగిల్లే ముగింపే. అయితే ఆ ధార మొదట్లో జో వదిలినదే, అంత ఎత్తు నుంచే, అలాగే మట్టిలోకే. మీట మారింది, గొట్టం మారలేదు.

సినిమాలో లెక్కలు రాసేవాడు ఒకడున్నాడు. గ్యాస్ టౌన్ అధిపతి పీపుల్ ఈటర్, ఛేజ్ నడుస్తుండగానే ఎంత పెట్రోల్ కాలింది, ఎంత సరుకు పోయింది అని పద్దు చదువుతుంటాడు. తూటాలకు లెక్కుంది, పెట్రోల్‌కు లెక్కుంది, కడుపులో బిడ్డలకు కూడా లెక్కుంది. నీళ్లకు లేదు. అందరి మీదా పెత్తనం తెచ్చిపెట్టిన వస్తువునే ఎవడూ కొలవలేదు. ఇది మిల్లర్ కావాలని పెట్టిన వ్యంగ్యమా, ఆయనకూ తట్టని విషయమా అంటే, రెండోదే అనిపిస్తుంది.

కొలవడం సాధ్యమేనని చూపించిన ప్రయత్నం ఒకటి ఈ సీమ జిల్లాల్లోనూ జరిగింది. రెండు వేల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల యాజమాన్యం చేసుకునే కార్యక్రమం నడిచింది; కర్నూలు, కడప, అనంతపురం అందులో ఉన్నాయి. ఊళ్లో ఆడా మగా రైతులు వాన కొలిచే గిన్నె పెట్టుకున్నారు. గుర్తు పెట్టుకున్న బోర్లలో తాడు దించి, నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో పక్షానికోసారి రాసుకున్నారు. వానాకాలం ముగిసి రబీ మొదలయ్యే ముందు అందరూ కూర్చుని, కింద ఎన్ని నీళ్లున్నాయి, అనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని బేరీజు వేసి గోడ మీద రాశారు. వరి వెయ్యొద్దని ఎవరూ ఎవర్నీ శాసించలేదు. లెక్క కళ్ల ముందుంటే కొందరు తమంతట తామే తక్కువ నీళ్లు చాలే ఆరుతడి పంటలకు మారారు. ఇంకొన్ని ఊళ్లలో బోర్లున్నవాళ్లు, లేనివాళ్లు కలిసి పైపులు కలుపుకుని, ఇక కొత్త బోరు వెయ్యబోమని ఒప్పందాలు రాసుకున్నారు. అన్ని చోట్లా నిలబడ్డాయని చెప్పలేం. ప్రాజెక్టు డబ్బు ఆగాక అలవాటు సడలడం మామూలే.

ఇంకా వెనక్కి పోతే కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించినది. చెరువుకు కావాల్సిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించాడు. రెండేళ్ల పాటు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు పనిచేశాయని కూడా రాయించాడు. కట్ట నీరు కారడం, నేల చవుడుగా ఉండటం, చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చాలా నేలకు కొంచెం నీళ్లే ఉండటం దోషాలన్నమాట. పొలిమేర దోషం చదివితే, కర్ణాటకలో డ్యామూ ఆంధ్రలో ఆయకట్టూ ఉన్న తుంగభద్ర వెంటనే గుర్తుకొస్తుంది. సిటాడెల్‌ను ఈ జాబితా ముందు పెడితే ఏ సాధనం దగ్గర గట్టెక్కుతుందో తెలియదు గానీ, ఎక్కువ నేల, తక్కువ నీళ్లు అన్న దోషం దగ్గర మాత్రం నిలువునా దొరికిపోతుంది.

2024లో మిల్లర్ తీసిన ‘ఫ్యూరియోసా’ ముందుకు పోకుండా వెనక్కి వెళ్లింది. ఆమె బాల్యం నుంచి పదిహేనేళ్లు నడిచి, మొదటి కథ మొదలైన చోట ఆగింది. గొట్టాలు తెరిచిన మర్నాడు సిటాడెల్‌లో ఏం జరిగిందో ఆయన ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే ఛేజ్‌కు చోటుండదు. మిగిలిన ఐదారుగురు స్త్రీలు, పంపు నడిపే సంగతి తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు, కింద నుంచి పైకి వచ్చిన జనంలో ఒకరిద్దరు పెద్దవాళ్లు ఒక గోడ ముందు కూర్చుని, లోపల నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో తేల్చి, కొండ మీది మళ్లలో ఏది మానుకోవాలో గొడవ పడాలి. వంద కోట్ల సినిమాగా అది ఆడదేమో. రబీకి ముందు ఆ గోడ దగ్గర కూర్చున్న ఊళ్లలో మాత్రం ఎవడు ఏ పాత్రో చెప్పేస్తారు.